చిలకమ్మ మతిమరుపు మానింది

ఒట్టేసి చెబుతున్నా, ఇందులో గింజంత అబద్ధం ఉన్నా ఈ నెరిసిన జుట్టు తెల్లారేసరికి నల్లబడిపోవుగాక!

అడవిలో ఒక ఇప్పచెట్టు ఉండేది. దాని చిటారు కొమ్మకు తగిలి మబ్బులు చిరిగిపోయేవి, అంత ఎత్తు. ఆ చెట్టు తొర్రలో చిలకమ్మ కాపురం. చుట్టుపక్కల ఎవరికి కబురొచ్చినా ఆమె దగ్గరే దిగేది. తెచ్చేది కాకి. మోయడం వరకే కాకి పని. దూరమైతే దారిలో ఇంకో కాకికి అందించేది, చెప్పిన చోటు దొరక్కపోతే ఉన్నదున్నట్టు వెనక్కి తెచ్చేది. తొర్రలో దించాక ఎవరు విన్నారో దానికి పట్టేది కాదు.

చిలకమ్మకో ఆచారం ఉండేది. అడిగినవాళ్ల చెవిలో కబురు చెప్పేసి, ఈకలు దులుపుకుని, అంతటితో మరిచిపోయేది. "పరాయి ఇంటి మాట నా కడుపులో ఎందుకు?" అనేది గొప్పగా.

ముళ్లపంది చెంచయ్య పెళ్లాం గురవి పురిటికని ఏటి అవతల పుట్టింటికి వెళ్లింది. బెంగతో చెంచయ్య ఎంత చిక్కాడంటే, ముళ్లే మిగిలాయి, మధ్యలో వాడు లేడు.

"అక్కా, గురవి నుంచి ఏమైనా వచ్చిందా?"

"వచ్చింది నాయనా. పొద్దున్నే ఆమె మేనమామ విని వెళ్లాడుగా! కుచ్చుతోకాయన, ఎంత మర్యాదస్తుడో!"

"గురవికి మేనమామలే లేరక్కా! ఇంతకీ ఏం కబురు?"

"చెప్పేశాను కదా, మరిచిపోయాను."

చెంచయ్య అక్కడే కూలబడ్డాడు. బతికుందో లేదో, పురుడెలా జరిగిందో! వాడి కన్నీళ్లకు చీమలు పుట్టలొదిలి చెట్లెక్కాయి.

దారిలో నక్క ఎదురై పళ్లికిలించింది. "ఏం బావా, తండ్రివయ్యావట! కవలలు. మీ ఆవిడ ఇంకేదో అంది, గుర్తు రావడం లేదు. తేనెపట్టు తెస్తే వస్తుందేమో."

చెంచయ్య ఒళ్లంతా కుట్టించుకుని తేనెపట్టు తెచ్చాడు. నక్క శుభ్రంగా నాకేసి, "నిన్ను తలుచుకుంటోందట" అని మాత్రం చెప్పి చక్కాపోయింది.

కొడుకు వాలకం చూసి ముసలి తల్లి ఈదమ్మ ఊరుకోలేకపోయింది. ఆయాసపడుతూ ఇప్పచెట్టు దగ్గరికి నడిచింది.

"అమ్మాయ్, నీది మెత్తని మనసు, వచ్చినవాడిని తరమలేవు. పోనీలే. కానీ మరిచిపోకు. మాట నీ దగ్గరే ఉంచుకుని, అడిగినవాళ్లకు నకలు చెప్పు. ఒకసారి విన్న కబురు దగ్గర గుర్తుగా ఓ పువ్వు పెట్టు. నేనొచ్చినా, నా కొడుకొచ్చినా అదే మాట, అదే పువ్వు కనపడాలి."

"తొర్ర నిండిపోతే, పిన్నీ?"

"అక్కర్లేనిది తీసెయ్యమంటాం. ఒకరు తీసెయ్యమంటే ఇద్దరికీ పోతుంది, అది ఒళ్లు దగ్గరపెట్టుకునే చెబుతాంలే."

కొన్నాళ్లకు గురవి నుంచి మరో కబురు దిగింది. ముందు చేరింది నక్కే. "చెంచయ్య పిన్నమ్మ కొడుకుని" అంటూ చెవి ఒగ్గింది.

చిలకమ్మ గురవి మాట వినిపించింది: "రేపు పొద్దున పిల్లలతో రాళ్లరేవు దాటి వస్తున్నా. ఎదురు రా. వాళ్ల ముళ్లింకా పుట్టగొడుగుల్లా మెత్తగా ఉన్నాయి, నక్కలంటే భయంగా ఉంది."

నక్క నోట్లో ఊరిన నీళ్లకు పిల్లకాలవ పారింది. చిలకమ్మ అలవాటుగా ఈకలు దులిపింది. ఇక మరిచిపోయినట్టేననుకుని నక్క తోకాడిస్తూ వెళ్లింది.

సాయంత్రం చెంచయ్య అదే కబురు అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. గంతేయబోయి ఆగాడు.

"అక్కా, ఇక్కడ పువ్వుందేం? మా అమ్మ వచ్చిందా?"

"లేదే. మీ పిన్నమ్మ కొడుకు విన్నాడు."

"మా పిన్నమ్మకు కొడుకులెక్కడ! రేవు సంగతి నక్కకు తెలిసిపోయింది!"

వెంటనే కాకిని పిలిచాడు. "గురవితో చెప్పు. రేవుకు రావద్దు, అవతలి ఒడ్డున వాగు మలుపులోనే ఆగమను. నేనే వస్తా."

ఆ కాకి ఇంకో కాకికి, అది మరో కాకికి అందించాయి. గురవి బయల్దేరకముందే మాట చేరింది.

తెల్లవారింది. రేవు దగ్గర పొదలో నక్క మాటు వేసింది. రెల్లులోంచి సన్నటి గొంతు వినిపించింది: "అమ్మా, కాళ్లు నొప్పులే!"

నక్క కళ్లు మూసుకుని దూకింది. అక్కడున్నది కొడుకు చెప్పగా వచ్చి, పిల్లగొంతు పెట్టిన ఈదమ్మ! వీపు తిప్పి, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని కూర్చుంది.

"రారా నాయనా, నీ పెద్దమ్మని! ఇన్నాళ్లకు చూడవచ్చావా?"

నక్క పెట్టిన కేకకు ఏరు కాసేపు వెనక్కి పారింది. ముక్కునిండా ముళ్లతో అది ఆ అడవే వదిలిపోయింది.

వాగు మలుపులో చెంచయ్య పిల్లలను వాసన చూస్తూ పైకి తల ఎత్తలేదు.

"మొదటి కబురు విన్నావా?" అడిగింది గురవి. "ఎంత కూర్చి చెప్పానో!"

"నక్క మింగేసింది. మళ్లీ చెప్పవే."

"ఇప్పుడా? సిగ్గేస్తోంది."

అయినా చెవిలో చెప్పింది. ఏం చెప్పిందో వాళ్లిద్దరికే తెలుసు.

నీతి: నీ మాటను ఒక్కడికి అప్పజెప్పి చేతులు దులుపుకోకు, నీవాళ్లందరికీ అందేచోట ఉంచు.

ఈమెయిలూ ఇంతే. పంపిన ఉత్తరాన్ని మోసే ఎస్‌ఎమ్‌టీపీ మన కాకి. ఒక్కచోటికి దించేసి తొర్ర ఖాళీ చేసే పాప్ పాత చిలకమ్మ. ఫోన్లో చూసినా, కంప్యూటర్లో చూసినా అదే మాట, అదే పువ్వు చూపించే ఐమ్యాప్ కొత్త చిలకమ్మ. విన్నావుగా నాయనా, ఇక లే. నా మెయిల్ పాప్‌లో ఉందేమో చూసి ఐమ్యాప్‌కి మార్చు. అంతకన్నా ముందు డాబా మీది వడియాలు ఎత్తుకురా, చినుకులు పడుతున్నాయి!