తీతువు కూయని రోజులు

ఎండలు ముదిరి గడ్డి ఎర్రబడిన రోజుల్లో, అడవివాగు ఒడ్డున మేసే దుప్పుల మందకు పెద్ద దిగులు పట్టుకుంది. పున్నమి నుంచి పున్నమి లోపల, ముప్ఫై రోజుల్లో, తొమ్మిది ప్రాణాలు చిరుతపులి నోట పడ్డాయి. అందులో ఒకటి చుక్కమ్మ పిల్ల. దానికింకా గడ్డి కొరకడం కూడా రాలేదు. ఆ పిల్ల పోయినప్పటినుంచి చుక్కమ్మ మందతో కలిసి నడుస్తోందే గానీ, ఎటు నడుస్తోందో తనకే తెలియడం లేదు.

చావు జరిగిన ఇంటికి నక్క తప్పకుండా పరామర్శకు వస్తుంది. ఆ పనిమీద దానికున్న శ్రద్ధ మరి దేనిమీదా లేదు. ఆ ఉదయం కూడా వచ్చి, మందకు పెద్దయిన ముసలి పోతయ్య ముందు కూర్చుంది.

"మామా, ఏడ్చుకుంటూ కూర్చుంటే చావులు ఆగుతాయా? కారణం వెతకాలి. ఆ రాళ్లలో ఉండే తీతువు పిట్ట కూసిన సాయంత్రాలే మీవాళ్లు పోతున్నారు. దాని గొంతే అపశకునం. నా మాట నమ్మొద్దు, నువ్వే అడుగు."

"ఏమని అడగమంటావు?"

"మనిషి పోయిన రోజున ఆ కూత విన్నవాళ్లు ముందుకు రమ్మను" అని, నాలుక కరుచుకుని, "మనిషంటే, మీ దుప్పి" అని సర్దుకుంది నక్క.

తమవాళ్లను పోగొట్టుకున్న తొమ్మిదింటిలో నాలుగు దుప్పులు ముందుకొచ్చాయి. మిగిలిన అయిదు వెనకే నిలబడ్డాయి.

"చూశావా? నలుగురూ విన్నారు. ఒక్కరన్నా కాదన్నారా?" అంది నక్క.

వెనక నిలబడ్డవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ వెనక చుక్కమ్మ ఉంది. తను విన్నదో లేదో తనకు గుర్తులేదు. కానీ ఇన్నాళ్లకు కోపం చూపించడానికి ఒక మొహం దొరికింది. చిరుతను ఏమీ చేయలేదు, పిట్టనైతే చేయగలదు. ఒక అడుగు ముందుకేసి, "నేనూ విన్నాను" అంది.

ఆ మందకొక ఆనవాయితీ ఉంది. పామునైనా మరేదాన్నైనా తొక్కి చంపాల్సివస్తే, బిడ్డను పోగొట్టుకున్న తల్లే మొదటి గిట్ట వేయాలి. తరవాతే మిగతావాళ్లు. పోతయ్య తలూపాడు. మందంతా చుక్కమ్మ వెనక నడిచింది.

తీతువు చెట్టుమీద గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య ఉత్త నేలమీదే నాలుగు గుడ్లు పెట్టుకుని, ఎండ తగలకుండా రెక్కలు పరిచి నిలబడి ఉంది. అంత మంద మీదికొస్తున్నా ఎగిరిపోలేదు.

"ఎందుకక్కా?" అని మాత్రం అడిగింది.

"నువ్వు కూస్తే మావాళ్లు చస్తున్నారు."

"నీ బిడ్డ ఏ రోజు పోయింది?"

"పున్నమి వెళ్లిన నాలుగో రోజు."

"పున్నమి వెళ్లాక మొదటి పది రోజులూ నేనిక్కడ లేనక్కా. నీళ్లు తగ్గాయని పై మడుగుకు పోయాను. తిరిగొచ్చాకే గుడ్లు పెట్టాను. ఆ సాయంత్రం నా కూత నిజంగా విన్నావా?"

చుక్కమ్మ ఎత్తిన గిట్ట అలాగే ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేదనే తను నిశ్చింతగా తల వంచి మేసింది. తల ఎత్తేసరికి పక్కన బిడ్డ లేదు.

"నేను వినలేదు" అంది, మందవైపు తిరిగి. "అబద్ధం చెప్పాను. నాతోపాటు వెనక నిలబడ్డ మీ నలుగురూ చెప్పండి, మీరు విన్నారా?"

"లేదు" అన్నాయి నాలుగూ, ఒకదాని తరవాత ఒకటి.

"ఎప్పుడు పోయారు మీవాళ్లు?" అని చుక్కమ్మ అడిగింది.

"ఆ పది రోజుల్లోనే."

చుక్కమ్మ గిట్ట దించి గులకరాళ్లను రెండు కుప్పలుగా నెట్టింది.

"మామా, ఇటు చూడు. పిట్ట లేని రోజులు పది, పోయినవాళ్లు అయిదుగురు. రెండు రోజులకొకరు. అది ఇక్కడుండి రోజూ కూసిన రోజులు ఇరవై, పోయినవాళ్లు నలుగురు. అయిదు రోజులకొకరు. మిగతా పదహారు రోజులు చిరుతను చూసి అది కూసింది, మనం పరిగెత్తాం, అందరం మిగిలాం. ఎవరూ చావని రోజును ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"మరి ఆ నలుగురో?" అని నక్క అందుకుంది.

"కూత విని కూడా ఇంకో నాలుగు పోచలు కొరుకుదామని ఆగాం" అంది ముందుకొచ్చిన నాలుగింటిలో ఒకటి, తల దించుకుని.

పోతయ్య నక్కవైపు తిరిగాడు. "తొమ్మిది చావులకూ పరామర్శకొచ్చావు కదా. నాలుగింటి గురించే ఎందుకడగమన్నావు?"

నక్క ఏదో గొణిగి పొదల్లోకి జారుకుంది. చిరుత వదిలేసిన ఎముకలు నెల రోజులుగా ఎవరు నాకుతున్నారో అప్పటికి అందరికీ తెలిసింది.

అంతకుముందే చిరుతకు నక్క మాటిచ్చేసింది, ఈపూటతో పిట్ట పీడ వదులుతుంది, సాయంత్రం దర్జాగా రమ్మని. ఆ మాట వెనక్కి తీసుకునే ధైర్యం దానికి లేకపోయింది. పొద్దు వాలుతుండగా చిరుత పొంచనైనా పొంచకుండా గడ్డిలో నడిచొచ్చింది. వెనకే నక్క. తీతువు గొంతెత్తి కూసింది. ఈసారి ఒక్కరూ ఇంకో పోచకు ఆగలేదు. వాగు దాటి గట్టెక్కాక పోతయ్య లెక్క చూశాడు. అందరూ ఉన్నారు.

మైదానంలో చిరుత ఒక్కటే నిలబడిపోయింది, ఆకలితో. పక్కన నక్క ఉంది.

"పిట్ట ఇక కూయదన్నావు" అంది చిరుత, నెమ్మదిగా.

మరుక్షణం నక్కమీద పంజా దిగింది.

గట్టుమీద నుంచి చుక్కమ్మ అది చూసింది. సంతోషం కలగలేదు. తన పక్కన చోటు ఖాళీగానే ఉంది. తను గిట్ట వేసి ఉంటే రేపటినుంచి ఇంకెందరు తల్లుల పక్కన అలా ఖాళీ అయ్యేదో అనుకుని, రాళ్లలో ఉన్న తీతువువైపు చూసింది.

కీడు జరిగిన రోజులనే లెక్కపెట్టి, జరగని రోజులను వదిలేసేవాడు తనను కాపాడేవాణ్ణే శత్రువనుకుంటాడు.