మేక తినేసిన పుస్తకాలు

కోతలైపోయాక కళ్లం ఖాళీ. ఒక గడ్డివామి మిగులుతుంది, చుట్టూ మోళ్లు మిగులుతాయి. మనుషులు మళ్లీ తొలకరికి గానీ అటు రారు. ఆ ఎండాకాలమంతా అక్కడ జంతువుల పిల్లలకు బడి నడుస్తుంది.

మాస్టారు ఎద్దు. మంచివారు. చెప్పిందే నెమరేసి నెమరేసి చెప్తారు. పిల్లలకు విసుగొస్తుంది గానీ ఆయనకు రాదు.

ఆ బడికి ఒక పద్ధతి ఉంది. పిల్లను చేర్చే రోజు తల్లి ఒక పుస్తకం తేవాలి. మోదుగాకులు తుమ్మముల్లుతో కుట్టి, తమ ఇంటి సంగతులు తనే రాయాలి. ఎక్కడుంటాం, ఏం తింటాం, దేనికి భయపడతాం, ఆపదొస్తే ఏం చేస్తాం. ఇంటిపుస్తకం అంటారు దాన్ని. మాస్టారు అందరి ముందూ పైకి చదువుతారు. అలా ఒకరి ఇల్లు ఇంకొకరి పిల్లకు తెలుస్తుంది.

కోడి పుస్తకం నిండా తను పొదిగిన గొప్పలే. గబ్బిలం పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకు చదవాలి. పంది పుస్తకంలో బురదగుంట గురించి ఉంది. పైకి ఎండి నెర్రెలిచ్చినట్టే కనిపిస్తుందనీ, కింద పీకల్లోతు బురద ఉంటుందనీ, తెలియక దిగితే ఏ వైపునుంచి పైకి రావాలో కూడా చివరి ఆకులో రాసింది.

తీతువు పుస్తకానికి మూడే ఆకులు.

మొదటి ఆకు: మేం చెట్టెక్కం. గుడ్లు నేలమీదే పెడతాం. చూసి నడవండి.

రెండో ఆకు: నేను అరిచానంటే ఎవరో వస్తున్నారని. మీరు ఎక్కడున్నవాళ్లు అక్కడే నేలకు కరుచుకుపోండి. కదలొద్దు.

మూడో ఆకు: నేను రెక్క ఈడుస్తూ కుంటుతుంటే జాలి పడొద్దు. నాకేం కాలేదు. వచ్చినవాణ్ణి పిల్లలనుంచి దూరంగా తీసుకుపోతున్నాను.

ఈ మూడో ఆకంటే పిల్లలకు ప్రాణం. బడి వదలగానే కోడిపిల్లలూ మేకపిల్లలూ పందిపిల్లలూ కుంటుకుంటూ ఇళ్లకు పోయేవి.

రెండో ఆకువల్ల నష్టపోయింది ఒక్క నక్క. ఎప్పుడొచ్చినా గట్టుమీదనుంచి తీతువు అరిచేది. పిల్లలన్నీ మోళ్ల మధ్య మట్టిగడ్డల్లా అణిగిపోయేవి. నక్క కళ్లు చికిలించి చూసి చూసి ఖాళీ కడుపుతో పోయేది.

అలా కొన్నాళ్లు మాడింది. ఒకనాడు తాటాకులు మోసుకొచ్చింది.

"పసివాళ్లు ఎండకు వాడిపోతున్నారు మాస్టారూ. చూడలేకపోతున్నాను," అంది. కళ్లంలో పందిరి వేసింది. పందిరి వేసినవారికి కుర్చీ వేయాలి కదా. నక్క బడికి అధ్యక్షుడైంది.

మర్నాడే తల్లుల మీటింగు పెట్టించింది.

"అమ్మలారా, నాకు పిల్లల్లేరు. మీ పిల్లలే నా పిల్లలు," అంది.

కోడి కళ్లొత్తుకుంది.

"మన పిల్లలు ఏం చదువుతున్నారో ఎప్పుడైనా చూశారా? గబ్బిలం ఇంటిపుస్తకమట! తలకిందులుగా పడుకోవడమట! రేపు మీవాడు దూలానికి వేలాడితే ఎవరు దించుతారు? పంది పుస్తకమట! బురద, దాని లోతు! ఇవా చదువులు?"

"నిజమేనండీ. మా చిన్నది మొన్న బురదలో దొర్లుతానని ఒకటే ఏడుపు," అంది కోడి.

"దొర్లితే ఏం పోయింది వదినా? ఎండకు చల్లగా ఉంటుంది," అంది పంది వెనకనుంచి.

"చూశారా, ఎలా మాట్లాడుతోందో! పుస్తకం కూడా అలాగే ఉంటుంది," అంది నక్క. తర్వాత గొంతు తగ్గించింది. "ఇక తీతువు సంగతి. నోటితో చెప్పడానికే భయంగా ఉంది. అది అరిచిందంటే ఎవరింట్లోనో కీడు. మీకు తెలీదా? ఆ కీడు పిట్ట రాసింది మన పిల్లలు కంఠతా పట్టాలా?"

తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ అవునన్లేదు. ఎవరూ కాదనీ అన్లేదు.

తీతువు ముందుకొచ్చింది.

"మీరు చదివారా?"

"ఏమిటి తల్లీ?"

"నా పుస్తకం. చదివారా అని."

"చదవడమెందుకు? రాసిందెవరో తెలిస్తే చాలదూ?"

"మూడాకులు. మీ తోక ఊపినంతసేపు పట్టదు. చదివి, తప్పేదో చూపించండి."

"చూశారా అమ్మా, ఎంత పొగరో!"

తీతువు ఎద్దువైపు తిరిగింది. "మాస్టారూ, మీరు చదివారు. పిల్లలకు చదివి వినిపించారు. మీరు చెప్పండి."

ఎద్దు ఒక గడ్డిపరక అందుకున్నారు. నమిలారు. "పెద్దలు ఒక నిర్ణయానికొచ్చాక..."

"మీరు పెద్ద కాదా?"

ఎద్దు ఇంకో పరక అందుకున్నారు.

తీతువు కోడిని చూసింది. "వదినా, నా అరుపు విని నీ పిల్లలు ఎన్నిసార్లు బతికారు?"

"అది కాదు వదినా. నీమీద నాకేం కోపం లేదు. కానీ నలుగురూ కీడంటున్నప్పుడు పిల్లలున్నదాన్ని, ఎందుకొచ్చిన గొడవ చెప్పు," అంది కోడి నేల గీరుతూ.

"నాకూ పిల్లుంది," అంది తీతువు.

మూడు పుస్తకాలూ తీసేశారు. ఎక్కడ పడేయాలా అని చూస్తుంటే మేక నోరు చప్పరించింది.

"మోదుగాకులేగా. పారేయడమెందుకు, ఇటివ్వండి."

అందరూ చూస్తుండగానే నమిలేసింది. ఎలా ఉన్నాయని ఎవరో అడిగారు కూడా.

"గబ్బిలానిది మెత్తగా ఉంది. తీతువుది కాస్త చేదు. పందిది బాగుంది," అంది మేక.

నవ్వారు. తల్లులే నవ్వారు.

పాత పుస్తకాల బదులు నక్క తనే ఒక పుస్తకం రాసిచ్చింది. దానికి ఒకటే ఆకు. "తీతువు అరిస్తే కీడు. అరుపు వినపడగానే గడ్డివామి వెనక్కి పరుగెత్తండి. అక్కడ పెద్దలుంటారు." ఎద్దు రోజూ అదే చదివారు. పిల్లలు రోజూ అదే అప్పజెప్పారు.

తీతువు పిల్ల పేరు బుడ్డి. దాన్ని పందిరి బయట కూచోబెట్టారు. లోపలుంటే కీడట. నిన్నటిదాకా కలిసి కుంటిన పిల్లలు ఇప్పుడు దాన్ని దాటేటప్పుడు థూ థూ అని పక్కకు ఉమ్మి పోతున్నారు. వాళ్లకెవరో నేర్పారు. పిల్లలకు అవి పుట్టుకతో రావు.

ఒక సాయంత్రం బుడ్డి అడిగింది.

"అమ్మా, మనం అరవడం మానేస్తే లోపల కూచోనిస్తారా?"

తీతువు పిల్లను రెక్క కిందికి లాక్కుంది.

మూడు రోజులు పోయాక, మిట్టమధ్యాహ్నం. ఎద్దు నీళ్లు తాగడానికి కాలువకు వెళ్లారు. తల్లులు మేతకు పోయారు. పిల్లలు పందిరికింద ఉన్నారు. బయట ఎండలో బుడ్డి.

గట్టుమీదున్న తీతువు గడ్డివామివైపు చూసింది. వామి వెనక ఒక గోతం పరిచి ఉంది, మూతి తెరిచి. గోతం పక్కన నక్క, చెవులు రిక్కించుకుని.

తీతువుకు అరుపు గొంతుదాకా వచ్చింది.

ఆగిపోయింది.

అరిస్తే ఏమవుతుంది? పిల్లలు లేస్తారు, అప్పజెప్పిన పాఠం ప్రకారం నేరుగా ఆ గోతంలోకి పరుగెడతారు. తన అరుపే వాళ్లను నక్క నోట్లోకి తోలుతుంది. అరవకపోతే? నక్క ఎంతసేపు కాచుకుంటుంది! విసుగెత్తి తనే వస్తుంది. ముందు దొరికేది పందిరి బయటున్న పిల్ల.

ఇన్నాళ్లూ పిల్లలను కాపాడిన గొంతును కూడా ఎరగా మార్చేశాడు, దుర్మార్గుడు!

వాళ్లంతా నా పిల్లను చూసి ఉమ్మినవాళ్లే, అనుకుంది తీతువు. అనుకోకుండా ఉంటుందా, అదీ తల్లే. కానీ అప్పటికే గాల్లోకి లేచింది.

చప్పుడు చేయకుండా వెళ్లి సరిగ్గా నక్క ముందు వాలింది. ఎడమ రెక్క నేలమీద పరిచింది. రెండడుగులు కుంటింది. పడింది. లేచింది. మళ్లీ కుంటింది.

"అయ్యో, ఏమైంది తల్లీ?" అంది నక్క, పెదాలు నాక్కుంటూ.

"రాయి తగిలింది. మీ అధ్యక్షతలో పిల్లలు బాగా నేర్చుకుంటున్నారు," అంది తీతువు.

"ఎగరలేవా?"

"ఎగరగలిగితే మీ ముందు ఎందుకు వాలతాను?"

నక్క పందిరివైపు ఒకసారి చూసింది. అవెక్కడికి పోతాయిలే అనుకుంది. ముందు ఈ గొంతు నొక్కేస్తే రేపటినుంచి అడ్డే లేదు. ఎగిరి దూకింది. తీతువు జానెడు దూరంలో తప్పుకుని కుంటుకుంటూ మళ్లలోకి దిగింది. నక్క ఇంకోసారి దూకింది. ఇంకో జానెడు. మోళ్లు దాటారు. గట్టు దాటారు. దొరికినట్టే దొరికి తప్పిపోతుంటే నక్కకు కోపం నెత్తికెక్కింది. కాళ్ల కింద ఏముందో చూసుకునే తెలివి పోయింది.

ఎదురుగా ఎండి నెర్రెలిచ్చిన నేల. దాని మీదినుంచి తీతువు తేలిగ్గా నడిచిపోయింది. నక్క శక్తికొద్దీ ఉరికింది.

పైపెంకు పెళ్లున విరిగింది. అది పందిగుంట.

నడుందాకా దిగింది. కొట్టుకున్నకొద్దీ ఛాతీదాకా దిగింది. తీతువు విరిగిన రెక్క విదిలించుకుని, మడుచుకుని, ఆకాశంలోకి లేచింది. అప్పుడు అరిచింది. ఇన్నాళ్లు దిగమింగినదంతా కలిపి అరిచింది.

పందిరికింద పిల్లలు ఉలిక్కిపడ్డారు. పాఠం ప్రకారం గడ్డివామి వెనక్కి పరుగెత్తారు. అక్కడ పెద్దలెవరూ లేరు. నోరు తెరిచిన గోతం ఉంది. దానికి నక్క బొచ్చు అంటుకుని ఉంది.

అరుపు విని తల్లులు పరుగెత్తుకొచ్చారు. కోడి ఆ గోతంలోకి చూసింది. పిల్లలను చూసుకుంది. మళ్లీ గోతాన్ని చూసింది. ఎద్దు కాలువ దగ్గరనుంచి మెల్లగా వచ్చారు. అందరూ కలిసి గుంట దగ్గరకు చేరేసరికి నక్క మెడ మాత్రమే పైకుంది.

"అమ్మలారా, కాపాడండి! మీ పిల్లల కోసం పందిరి వేసినవాణ్ణి!"

"గోతం కూడా నువ్వే పరిచావు," అంది కోడి.

నక్క పందివైపు తిరిగింది. "అమ్మా, తల్లీ, ఇది నీ గుంట. ఎటునుంచి ఎక్కాలో చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను."

పంది తాపీగా కూచుంది. "రాశానుగా."

"ఎక్కడ?"

"నా పుస్తకంలో. చివరాకులో. శుభ్రంగా, అర్థమయ్యేటట్టు రాశాను. ఎవరైనా పొరపాటున పడితే పైకి రావాలనే రాశాను. చదువుకో."

"ఆ పుస్తకం ఏదీ?"

"నువ్వే చెప్పాలి. తీసేయించింది నువ్వేగా."

అందరూ మేకవైపు చూశారు. మేక ఇబ్బందిగా కదిలింది.

"మేకా, ఆ చివరాకులో ఏముందే? గుర్తు చేసుకో!" నక్క గొంతు బొంగురుపోయింది.

మేక చాలాసేపు ఆలోచించింది. "బాగుంది. కాస్త తియ్యగా ఉంది," అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

దూరంగా గొర్రెలమంద వస్తున్న చప్పుడైంది. మంద ముందు కుక్కలుంటాయి. నక్క ఆ మొరుగుడు విని కళ్లు మూసుకుంది.

తల్లులు తీతువు చుట్టూ మూగారు. కోడి ముందుకొచ్చి, "వదినా, నువ్వు దేవతవు. నీ రుణం..." అని మొదలుపెట్టింది.

"వద్దు," అంది తీతువు. "నిన్న కీడు పిట్టను. ఇవాళ దేవతను. ఏదీ వద్దు నాకు. నా పిల్ల మీ పిల్లలతో కలిసి కూచోవాలి. ఉమ్మడం మీ ఇళ్లల్లో ఆగాలి. అంతే."

కోడి తలొంచుకుంది.

ఎద్దు గొంతు సవరించుకున్నారు. "ఓపిక పట్టావమ్మా. ఎంత ఓపిక..."

"నాది ఓపిక కాదు మాస్టారూ, కోపం. మీదీ ఓపిక కాదు. ఆ రోజు మీరొక్క మాట అనుంటే చాలు. చదివినవాళ్లు మీరొక్కరే. నక్క చదవలేదు కాబట్టి బురదలో పడింది. మీరు చదివి ఊరుకున్నారు. ఎవరిది పెద్ద తప్పో మీరే నెమరేసుకోండి."

ఎద్దు నోట్లో పరక అలాగే ఉండిపోయింది.

మర్నాడు బడికి తల్లులు మోదుగాకులు తెచ్చారు. పంది రాసింది, గబ్బిలం రాసింది, తీతువు రాసింది. మేకను ఆమడ దూరంలో కట్టేశారు. ఎద్దు మొదట తీతువు పుస్తకమే తీశారు. మూడో ఆకు దగ్గరకు రాగానే ఆగి, పందిరికింద పిల్లల మధ్య కూచున్న బుడ్డిని పిలిచారు.

"ఇది నువ్వు చదువమ్మా."

బుడ్డి లేచి, గొంతెత్తి, చదివింది.

పక్కవాళ్ల కథ మీ పిల్లల చెవిన పడకుండా చేసేవాడు ఎన్నడూ మీ పిల్లల మేలు కోరి ఆ పని చేయడు.