యాడుంటాది సార్?

జిలాన్‌కు తల బాదుకోవాలనిపించడం ఆ వారంలో అది మూడోసారి. మూడుసార్లూ కారణం మాబున్నీయే.

కొండ కింది దర్గా ప్రహరీ బయట, వంటశాల పక్క వసారాలో, అతను పదకొండు మంది పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. అంతకు ముందు ఆరేళ్ళు పట్నంలో ఒక శిక్షణ సంస్థలో ఇదే పని చేశాడు. చెప్పిందే చెప్పి చెప్పి విసుగెత్తి, మనశ్శాంతి కోసం ఖాదర్‌వలి తాత దగ్గర శిష్యుడిగా చేరాడు. శాంతి సంగతి తర్వాత చూద్దామని తాత అతనికి మళ్ళీ పాఠాలే అప్పజెప్పారు.

ఆ వారం పాఠం క్లౌడ్. మన దగ్గర లేని కంప్యూటర్‌ను ఇంటర్నెట్ ద్వారా, కావలసినప్పుడు, కావలసినంత వాడుకోవడమే క్లౌడ్ అని జిలాన్ చెప్పాడు. మన ఫొటోలూ కాగితాలూ అందులో భద్రంగా ఉంటాయన్నాడు. పని పెరిగితే అదీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. సమాచారాన్ని ముక్కలు చేసి వేరువేరు చోట్ల పెడతారు కాబట్టి, దొంగ చేతికి ఒక ముక్క చిక్కినా దేనికీ పనికిరాదు. ఇదంతా అతను నిద్రలో లేపి అడిగినా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పగలడు. పది మంది బుద్ధిగా రాసుకున్నారు.

మాబున్నీ చెయ్యెత్తింది. "యాడుంటాది సార్ అది?"

సోమవారం నవ్వి ఊరుకున్నాడు. మంగళవారం బోర్డు మీద మేఘం బొమ్మ గీసి, దానికి నాలుగు బాణాలు వేసి చూపించాడు. గురువారం ఆ పిల్ల బొమ్మ వంక కాసేపు చూసి మళ్ళీ అదే అడిగింది.

నిజానికి తొందర ఆమెకే. వచ్చే సోమవారం హైదరాబాదులో ఒక డేటా సెంటర్ వాళ్ళు ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేస్తున్నారు. ఇంతకు ముందు వేరే కంపెనీల వాళ్ళు రెండుసార్లు పిలిచారు. రెండుచోట్లా క్లౌడ్ అంటే ఏమిటని అడిగితే, బట్టీ పట్టిన నిర్వచనం సగంలో మరచిపోయి తిరిగొచ్చింది. ఈసారీ రాకపోతే కదిరిలో బట్టల కొట్టులో చేర్చేస్తామని ఇంట్లో తేల్చి చెప్పారు. ఇంత పీకల మీదికి వచ్చాక కూడా నోరు మూసుకుని బట్టీ పట్టకుండా ఈ యక్షప్రశ్న ఏమిటని జిలాన్‌కు ఒళ్ళు మండింది.

"ఎక్కడుంటే నీకెందుకు? కావాలంటే వస్తుంది. అంతే."

"యాడో ఒక చోట ఉండల్ల కదా సార్."

నిర్వచనం అప్పజెప్పగలిగిన రోజే క్లాసుకు రమ్మని జిలాన్ గట్టిగా చెప్పేశాడు. మాబున్నీ పుస్తకం సంచిలో పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది. మిగిలిన పది మంది ఇంకా బుద్ధిగా కూర్చున్నారు.

పాఠం ముగించి అతను నేరుగా తాత గదికి వెళ్ళాడు. తాత చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. గురువారం కదా, వచ్చిన జనానికి భోజనం పెట్టాలి. జిలాన్ తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు. ఇలాంటి మొద్దులకు చెప్పడం తన వల్ల కాదన్నాడు. తనను ఈ పని నుంచి తప్పించి, జపమో ధ్యానమో ఏదో ఒకటి చెప్పమన్నాడు.

ఆ పిల్లకు ఏమని జవాబిచ్చావని తాత అడిగారు. జిలాన్ ఇచ్చిన జవాబే మళ్ళీ చెప్పాడు.

"బాగా చెప్పినావు" అన్నారు తాత. చేట అతని చేతికిచ్చి, మిగతా రాళ్ళు ఏరమని, నీళ్ళు తాగొస్తానని బయటికి వెళ్ళారు. నీళ్ళు తాగడానికి మరీ అంతసేపు పడుతుందా అని జిలాన్ మనసులో అనుకుంటుండగానే తిరిగొచ్చి చేట అందుకున్నారు.

జిలాన్ లేచి గడప దాటాడు. అక్కడ విడిచిన చెప్పులు లేవు.

బయట మిట్టమధ్యాహ్నం ఎండ. నేలంతా నాపరాళ్ళు. అతను ఒక అడుగు వేసి, చురుక్కుమని వెనక్కి దూకాడు.

"తాతా, నా చెప్పులు?"

"ఉండాయి."

"ఎక్కడ?"

"యాడుంటే నీకెందుకు? కావాలంటే వస్తాయి."

"కాళ్ళు కాలుతున్నాయి తాతా. ఎక్కడో ఒక చోట ఉండాలి కదా."

అనేశాక జిలాన్ ఆగిపోయాడు. ముఖం వేడెక్కింది, అది మాత్రం ఎండకు కాదు.

తాత బియ్యంలోంచి తలెత్తలేదు. "ఆ కంప్యూటర్లుండే చోటు నువ్వు చూసినావా, జిలానూ?"

ఆరేళ్ళలో ఎంతమందికో ఆ పాఠం చెప్పాడు. అవి ఏ ఊళ్ళో ఉంటాయో, ఎలాంటి గదుల్లో ఉంటాయో, వాటిని ఎవరు చూసుకుంటారో ఒక్కసారైనా తెలుసుకోలేదు. ఇంతకాలం ఎవరూ అడగలేదు. అడిగిన ఒక్క పిల్లను బయటికి పంపేశాడు.

"లేదు తాతా."

"మరి కోపం ఎవరి మీద?"

చెప్పుల సంగతి హుసేన్బీని అడిగి చూడమని తాత చేత్తో గేటు వైపు చూపించారు.

హుసేన్బీ దర్గా గేటు దగ్గర చెప్పులు కాచే ఆవిడ. మాబున్నీ తల్లి. జిలాన్ నీడ ఉన్నచోట నడుస్తూ, లేనిచోట పరుగెత్తుతూ అక్కడికి చేరాడు. చెప్పుల బల్లల వెనక మాబున్నీ కళ్ళు మూసుకుని నిర్వచనం వల్లె వేస్తోంది. సగం వరకూ వచ్చి ఆగుతోంది, మళ్ళీ మొదటికి పోతోంది. ఆ గొంతు వింటుంటే జిలాన్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇక్కడ టోకెన్లు లేవు. హుసేన్బీ అతని ముఖం చూసి, మూడో వరుసలోంచి ఎడమ చెప్పు తీసింది. నాలుగడుగులు నడిచి, ఆ చివర బల్ల కింద నుంచి కుడి చెప్పు తెచ్చింది.

జత విడదీశారేమని జిలాన్ అడిగాడు. గురువారాల్లో జనం ఎక్కువని, దొంగలు కూడా వస్తారని ఆవిడ చెప్పింది. ఒంటి చెప్పు ఎత్తుకుపోయి ఎవడేం చేసుకుంటాడంది. ఉరుసు రోజుల్లో బల్లలు చాలక గోనెలు పరిచి ఇంకో ఆరు వరుసలు పెంచుతుందట, జనం పోయాక గోనెలు మడిచేస్తుందట.

జిలాన్ చేతిలో చెప్పులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇన్నిట్లో ఎవరివి ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుందమ్మా?"

"ఇడిసి పొయ్యేటోళ్ళకు యాడుంటే ఏంది సార్" అంది హుసేన్బీ. "కాచేటోళ్ళకు తెలియల్ల."

మాబున్నీ వల్లె వేయడం ఆపి అతని వంక చూసింది. సోమవారం ఆ పిల్ల వెళ్తున్నది కంప్యూటర్లను కాచే ఉద్యోగానికి. ఆ సంగతి జిలాన్‌కు మొదటి నుంచీ తెలుసు.

అతను చెప్పులు మళ్ళీ హుసేన్బీ చేతికిచ్చాడు. నేల మీద, మాబున్నీ ఎదురుగా కూర్చున్నాడు. పుస్తకం మూసెయ్యమన్నాడు.

"యాడుంటాదో నాకూ తెలియదు తల్లీ. ఇద్దరం వెతుకుదాం. ముందు నువ్వు ఈ వరుసల సంగతి చెప్పు."

శుక్ర, శని, ఆదివారాలు వసారాలో ఆ వెతుకులాటే సాగింది. మేఘం బొమ్మ చెరిపేసి, ఆ చోట ఒక భవనం గీశారు. అందులో గదులు, గదుల్లో వరుసలు, వరుసల్లో పెట్టెల్లాంటి కంప్యూటర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు గీశారు. బుద్ధిగా రాసుకునే పది మందీ చేతులెత్తడం మొదలుపెట్టారు. జిలాన్‌కు చాలావాటికి జవాబు తెలియలేదు, గొంతు మాత్రం పెంచలేదు.

సోమవారం సాయంత్రం మాబున్నీ ఫోన్ చేసింది. జిలాన్ అది పెట్టేసి తాత గదికి పరుగున వచ్చాడు. తాత పప్పులో రాళ్ళు ఏరుతున్నారు.

"ఉద్యోగం వచ్చింది తాతా, మాబున్నీకి."

"యాడ?"

"మూడో అంతస్తు, తూర్పు హాలు. పద్నాలుగో వరుస నుంచి ఇరవయ్యో వరుస దాకా."

తాత చేట అతని వైపు జరిపారు. జిలాన్ కూర్చుని రాళ్ళు ఏరసాగాడు.