సింగారి తెచ్చిన తెల్లపొడి

ముందుకు జరిగి కూర్చోండి నాన్నలూ. దేవుడి దయవల్ల వానలు దండిగా కురిసిన ఏడు, కుందేటికోన అడవిలో జరిగిన సంగతి ఇది. ఆ కోనలో ఏనుగులు, దుప్పులు, కుందేళ్లు, నక్కలు కలిసిమెలిసి ఉండేవి.

వానలు వెలిశాక గోమార్లు పుట్టుకొచ్చాయి. బొచ్చులో దూరి నెత్తురు పీల్చే పురుగులవి. సింగారి అనే ఆడనక్కకు ఒక్కగానొక్క కూన, పేరు తుర్రి. అది గోక్కోలేక ఏడుస్తుంటే తల్లి దాన్ని వెంటబెట్టుకుని సాయం కోసం బయల్దేరింది.

ముసలి ఏనుగు నాంచారవ్వ చెప్పింది. "నాలాగ ఎర్రమట్టి బురద పూయవే. ఎండి రాలేటప్పుడు గోమార్లూ రాలతాయి. నాలుగు రోజులు ఓపిక పట్టు."

"నా బిడ్డకు బురదా? అడవిపందుల ఇంటికి కోడలిగా పంపుతున్నానా అవ్వా?" అని సింగారి మూతి తిప్పింది.

అడవి అంచున పాడుబడ్డ పశువుల దొడ్డి ఉంది. కూలిన చూరు కింద సింగారికి తుప్పుపట్టిన డబ్బా దొరికింది. నిండా తెల్లపొడి, ముక్కులదిరే ఘాటు. దాన్ని కరుచుకుని గర్వంగా వచ్చింది.

నాంచారవ్వ తొండం వెనక్కి లాక్కుంది. "పారెయ్ తల్లీ! వెనకటి రోజుల్లో మనుషులు పశువులకు, కుక్కలకు చల్లేవారు. పురుగులు చచ్చాయి, ఒళ్లు నాక్కున్న కుక్కలూ చచ్చాయి. ఆ మనుషులే మానేశారు దాన్ని."

"నీకు బురద తప్ప ఏం తెలుసులే!"

సింగారి డబ్బా బోర్లించి, తుర్రిని ఆ పొడిలో దొర్లించింది. చిటికెలో గోమార్లు పొలపొలా రాలాయి.

"చూశావా అవ్వా? నీ నాలుగు రోజుల పని ఒక్క క్షణంలో అయిపోయింది!"

ఆ సంబరంలో ఏ తల్లినక్కైనా చేసే పనే చేసింది. బిడ్డ బొచ్చును నాకి దువ్వింది. తుర్రి కూడా కాళ్లు నాక్కుంది.

కాసేపటికి తుర్రి తల ఊగింది. కాళ్లు వణికాయి. నోట నురగ వచ్చింది. సింగారి దాన్ని ఒడిలోకి లాక్కుంది. బిడ్డను ఊరడించాలని ఇంకా గబగబా నాకింది.

"ఆగవే, నాకకు!" నాంచారవ్వ ఘీంకరించింది. "నువ్వూ పడిపోతే దానికి దిక్కెవరు? అది ఒళ్లు నాక్కోకుండా మూతి పట్టుకో!"

"వాగులో దింపి కడుగుతా అవ్వా!"

"వద్దు! చేపలు చస్తాయి. ఆ నీళ్లే మనమంతా తాగాలి."

అవ్వ పరుగున వెళ్లి తొండం నిండా నీళ్లు తెచ్చింది. వాగుకు దూరంగా, బండమీద కూనను ఉంచి తడిపింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ తెచ్చింది. ఏడుసార్లు. తుర్రి కదలలేదు. సింగారి నాలుక దానంతటదే బిడ్డవైపు సాగుతోంది. ఆ నాలుకనే పళ్లతో కరిచిపట్టుకుంది, నెత్తురు చిమ్మింది. దేవుడా, ఈ ఒక్కసారికి కాపాడు అని లోలోపలే మొక్కింది.

ఎనిమిదోసారి నీళ్లు పడగానే తుర్రి తుమ్మింది. "అమ్మా" అంది.

బిడ్డ బతికింది. తల్లి మింగిన విషం మాత్రం ఊరికే పోలేదు. సింగారి వెనక కాళ్లకు వణుకు పట్టుకుంది, అది మరి తగ్గలేదు. తిండి వెతుక్కోలేని ఆ తల్లికి ఇక చిన్నదైనా తుర్రే తిండి తెచ్చిపెట్టేది. నాంచారవ్వ మాటను మాత్రం ఆ కోనలో మళ్లీ ఎవరూ తీసిపారేయలేదు.

నీతి: పురుగును చంపే మందు ప్రాణాన్నీ తీయగలదు, తెలిసినవారి మాట వినకుండా దాన్ని బిడ్డ ఒంటికి తాకనీయకూడదు.