గువ్వ కాలికి గరికపోచ

అనగనగా వాగు ఒడ్డున ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవిలో ఎవరైనా ఏదైనా ఇస్తానంటే, ‘సరే’ అనడానికి గువ్వ కాలికి గరికపోచ కట్టి పంపేవారు. అదీ అక్కడి ఆచారం.

వాగు పక్క పల్లంలో సూరమ్మ అనే కుందేలు ఉండేది. ఆమెకు మూడు పసికూనలు. గట్టు మీద భైరయ్య అనే ఏదుపందికి రెండు బొరియలు.

వానలు దగ్గర పడ్డాయి. భైరయ్య దిగి వచ్చి, “చెల్లీ, వాగు పొంగితే నీ పిల్లలు బతకరు. నా రెండో బొరియ ఇస్తాను, వస్తావా?” అన్నాడు.

“ఆలోచించుకుని చెప్తానన్నా.”

“రేపు సాయంత్రం దాకా చూస్తాను. పిల్లల్ని వదిలి నువ్వేం వస్తావులే. గువ్వతో గరిక పంపు, చాలు.”

మర్నాడు పొద్దున్నే సూరమ్మ గువ్వ కాలికి గరికపోచ కట్టింది. గువ్వ ఎగిరింది. దారిలో డేగ తరిమితే పాపం ఓ చెట్టుతొర్రలో దూరి, మధ్యాహ్నం దాటేదాకా బయటికి రాలేదు.

ఈలోగా ఒక ముంగిస గంపెడు దుంపలతో భైరయ్య దగ్గరికొచ్చింది. “ఆ బొరియ నాకియ్యి మామా.”

“కుందేలుకిస్తానన్నాను. సాయంత్రం దాకా గడువుంది.”

“గరిక వచ్చిందా?”

“రాలేదు.”

“మరింకేం! ఒంటినిండా ముళ్లుండి కుందేలుకి భయపడతావేం?”

భైరయ్య దుంపల వైపు చూశాడు. బొరియ ఇచ్చేశాడు.

గువ్వ వచ్చేసరికి వాన మొదలైంది. దాని వెనకే తడుస్తూ సూరమ్మా, కూనలూ వచ్చారు. బొరియలోంచి ముంగిస పళ్లు చూపించింది.

“అన్నా, ఇదేమిటి?”

“నీ గరిక ఇప్పుడే అందింది చెల్లీ. నేనేం చెయ్యను?”

సూరమ్మ కూనల్ని దగ్గరికి తీసుకుంది. మరో చోటు వెతుక్కుంటూ గట్టు దిగింది. అప్పటికే పొంగిన వాగు కూనల్ని లాగేసింది. రెండు కూనల్ని ఒడ్డుకి లాగగలిగింది. మూడోది, అందరికంటే చిన్నది, నీళ్లలో కొట్టుకుపోయింది.

మర్నాడు వాన వెలిశాక, అడవికి పెద్దయిన తాబేలు తాత ఆ బొరియ ముందే పంచాయితీ పెట్టాడు. మూడే ప్రశ్నలు అడిగాడు.

“గువ్వతో పంపమన్నది ఎవరు?”

“నేనే తాతా,” అన్నాడు భైరయ్య.

“గరిక ఎప్పుడు కట్టారు?”

“పొద్దున్నే,” అంది గువ్వ.

“ముంగిసకి ఎప్పుడిచ్చావు?”

“మధ్యాహ్నం. కానీ అప్పటికి నాకు అందలేదు కదా!”

“సాయంత్రం దాకా నువ్వు ఆగలేదు,” అన్నాడు తాత. “ దారి చూపింది నువ్వు. ఆ దారిన ఆమె ‘సరే’ పంపిన క్షణమే బొరియ ఆమెదైంది. దారిలో ఆలస్యమైతే ఆ బరువు నీది, ఆమెది కాదు. మధ్యాహ్నం నువ్విచ్చింది నీది కాని బొరియ.”

ముంగిస తలొంచుకుని బయటికొచ్చింది. భైరయ్య ముళ్లన్నీ వాలిపోయాయి. “రా చెల్లీ, బొరియ నీదే,” అన్నాడు.

సూరమ్మ లోపలికెళ్లి, రెండు కూనల్నీ పడుకోబెట్టింది. పక్కన ఇంకో కూనకి చోటు మిగిలింది. ఆ చోటు వైపు చూస్తూ అంది:

“తీర్పు న్యాయంగానే ఉంది తాతా. నిన్న వచ్చుంటే బాగుండేది.”

 చెప్పండర్రా, దానికి జవాబు మీ దగ్గరుందా?

నీతి: నువ్వు చూపిన దారిలో ఎదుటివారు ‘సరే’ అని పంపిన క్షణమే నీ మాట నిన్ను కట్టేస్తుంది, అది నీ చెవిన పడలేదని తప్పుకుంటే, పోయిందాన్ని ఏ తీర్పూ తిరిగి తేలేదు.