చేయి అందించిన మనిషి

ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు డాక్టర్ సోమయాజులుగారికి లేదు. "పదమ్మా, వార్డులోకి వెళదాం" అనేవారు, అంతే. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఆసుపత్రిలో వృద్ధుల వార్డు ఆయనది. ఆయన దగ్గర వైద్యం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మొదట్లో ఈ పద్ధతికి తల పట్టుకునేవారు. పోను పోను, ప్రశ్న అడగడానికి ముందే చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని సిద్ధంగా ఉండేవారు.

ఆ వార్డులో ఒక నియమం ఉంది. అరవై దాటిన మనిషి ఏ జబ్బుతో చేరినా సరే, కాస్త తేరుకోగానే ఒంట్లో కండ ఏపాటి మిగిలిందో చూడాలి. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రోగి డాక్టరు వేళ్లను గట్టిగా నొక్కాలి. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి లేవాలి. డాక్టరు తన రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి రోగి పిక్క చుట్టూ పట్టి చూడాలి. వేళ్లు కలుసుకున్నాక కూడా లోపల సందు మిగిలిందంటే కండ కరిగిపోతోందని అనుమానించాలి. వయసు మీద పడేకొద్దీ ఎవరికైనా కండ తరుగుతుంది. మంచం పట్టిన మనిషికి మరీ తొందరగా తరుగుతుంది.

హిమజ ఆయన శిష్యురాలు. చురుకైన పిల్ల, ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఒకరోజు ఉదయం ఆమె గురువుగారిని అడిగేసింది. బక్కచిక్కినవాళ్లు చూడగానే తెలిసిపోతారు, పుష్టిగా ఉన్నవాళ్లూ తెలిసిపోతారు, మరి కంటికి కనిపించేదానికి మళ్లీ పరీక్ష ఎందుకని. ఆ ప్రశ్న వెనక ఒక తొందర ఉంది. సత్తిరాజు అనే రోగిని ఆ రోజే ఇంటికి పంపేయాలని ఆమె నిశ్చయించుకుంది. ఆ మంచం కోసం మరో మనిషి కింద ఎదురుచూస్తున్నాడు. సత్తిరాజుకు మాత్రం ఆ పరీక్ష ఇంకా కాలేదు. వచ్చిన రోజున ఊపిరందక ఆయాసపడుతున్నాడు. తేరుకున్నాక అతని నిండు బుగ్గలూ బానపొట్టా చూసి, ఈయనకెందుకులే అని ఆమే వదిలేసింది.

"పదమ్మా" అన్నారు సోమయాజులుగారు.

సత్తిరాజు గోదావరి మధ్య లంకలో అరటితోట ఉన్న రైతు. డెబ్బై దాటాయి. ఊపిరితిత్తులకు నెమ్ము చేసి వచ్చాడు, జ్వరం తగ్గింది, దగ్గు సర్దుకుంది. తానూ అరవై దాటిన భార్య వీరవేణి అతన్ని కంటికి రెప్పలా కాపాడుకుంది. జ్వరపడిన మనిషిని కాలు కింద పెట్టనివ్వకపోవడం, జావ తప్ప మరొకటి ముట్టనివ్వకపోవడం మన ఇళ్లలో ప్రేమకు గుర్తు. ఆ ప్రేమను వీరవేణి లోటు లేకుండా జరిపించింది. గుడ్డు వేడి అంది, పప్పు వాతం అంది, మంచినీళ్ల గ్లాసు కూడా అతన్ని ఎత్తనివ్వలేదు. వార్డంతా ఆమెను మెచ్చుకునేది. ఇక నడక సంగతంటారా, ఆ ఒక్క పనికి మాత్రం రోజూ పొద్దున్నే సత్తిరాజు భార్యతో కబుర్లు చెబుతూ స్నానాలగది దాకా వెళ్లి రావడం హిమజ స్వయంగా చూసింది.

గురువుగారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాసేపు తోట సంగతులు అడిగారు. తరవాత, ముఖాన ఎండ పడుతోంది, ఆ కిటికీ రెక్క కాస్త మూసి రమ్మని వీరవేణికి చెప్పారు. ఆమె అటు వెళ్లగానే, చేతులు కట్టుకుని ఒకసారి లేవమని సత్తిరాజును అడిగారు.

సత్తిరాజు ముందుకు వంగాడు. లేవలేదు. నవ్వి, కుర్చీ మరీ లోతుగా ఉందన్నాడు. మరో కుర్చీ వేశారు. ఈసారి ఊపిరి బిగబట్టి ప్రయత్నించాడు, తొడలు వణికాయి, మళ్లీ కూలబడ్డాడు. ఇంతలో కిటికీ మూసిన వీరవేణి వెనక్కి తిరిగి చూసింది, గబగబా వచ్చింది, అలవాటుగా అతని చంక కింద చేయి వేసింది. సత్తిరాజు ఇట్టే లేచి నిలబడ్డాడు.

"చూసేరాండీ, లేచేను" అన్నాడు సంబరంగా. అందులో దొంగతనమేమీ లేదు. తానే లేచానని అతను నిజంగానే నమ్మాడు. అతనే లేచాడని ఆమె కూడా నమ్మింది.

సోమయాజులుగారు హిమజ వైపు తిరిగి, "ఎవరు లేచారమ్మా?" అని అడిగారు.

హిమజ సత్తిరాజును మళ్లీ కూర్చోబెట్టి, నేల మీద మోకరిల్లి, లుంగీ మోకాలి దాకా జరిపి, పిక్క చుట్టూ వేళ్లు పట్టింది. పైన అంత నిండుగా కనిపించే మనిషి పిక్క ఆమె వేళ్ల మధ్య వదులుగా కదిలింది. ఆమెకు సిగ్గేసింది. లంకకు చేరాలంటే రేవు మెట్లు దిగాలి, ఊగే పడవ అంచు మీద కాలు వేయాలి. ఇంకో గంట ఆగితే ఈ మనిషిని ఆ పడవెక్కమని తానే పంపించి ఉండేది.

సత్తిరాజు ముఖం చిన్నబోయింది. "మరింటికెప్పుడండీ?" అన్నాడు.

"వీరవేణమ్మ చేయి లేకుండా పడవెక్కగలనని నీకే అనిపించిన రోజున" అన్నారు గురువుగారు.

మంచం కోసం ఎదురుచూస్తున్నాయనకు హిమజ పక్క వార్డులో చోటు చూసింది. ఆ రోజుతో పథ్యం ఎత్తేశారు. గుడ్డు వచ్చింది, ముద్దపప్పు వచ్చింది, పెరుగు వచ్చింది, సాయంత్రాలు చేపల పులుసు కూడా వచ్చింది. పూటపూటకీ కుర్చీలో కూర్చుని లేవడం, వరండాలో నడవడం, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు పైకెత్తడం. హిమజ దగ్గరుండి చేయించేది. సత్తిరాజు విసుక్కుంటూనే చేసేవాడు. నిజానికి అందరికంటే ఎక్కువ కష్టపడింది వీరవేణి. అతను తూలినప్పుడల్లా ఆమె చేయి దానంతటదే ముందుకు వచ్చేది. వద్దని హిమజ సైగ చేస్తే, ఆ చేతిని కొంగులో చుట్టుకుని నిలబడేది. అతను పడిపోతాడేమోనన్న బెంగతో ఆమెకు పూటపూటా ప్రాణం పోయి వచ్చినట్టుండేది. భర్త మీద అంత ప్రేమ ఉండి, చేయి అడ్డం పెట్టకుండా నిలబడడం చిన్న విషయం కాదు.

కొన్నాళ్లకు సత్తిరాజు చేతులు కట్టుకుని, ఎవరి వంకా చూడకుండా, కుర్చీలోంచి లేచాడు. కూర్చుని మళ్లీ లేచాడు. వార్డులో పక్క మంచాలవాళ్లు కూడా నవ్వారు. రేవు దాకా తానే నడుస్తానని, పడవ సరంగుకు ఆ మాట ముందే కబురు పెట్టమని హడావుడి చేశాడు. హిమజకు కడుపు నిండినట్టయింది.

బయల్దేరే వేళ వీరవేణి గిన్నెలూ దుప్పట్లూ సర్ది సంచి ఎత్తింది. ఎత్తి, మళ్లీ కింద పెట్టింది. "ఇలాతే" అని సత్తిరాజు సంచి అందుకున్నాడు. గ్లాసు కూడా ఎత్తనివ్వని ఆ ఇల్లాలు మాట్లాడకుండా ఇచ్చేసి, మంచాల కమ్మీలు పట్టుకుంటూ అతని వెనకే నెమ్మదిగా కదిలింది. ఆ దృశ్యం చూసి హిమజ మురిసిపోయింది. తన ప్రశ్నకు జవాబు దొరికిందని, ఇకమీదట చూపును నమ్మి ఎవర్నీ పంపనని, ఇప్పుడు సంచి కూడా ఆయనే మోస్తున్నాడని గురువుగారితో చెప్పింది.

సోమయాజులుగారు చూస్తున్నది సత్తిరాజును కాదు, కమ్మీ పట్టుకున్న వీరవేణి చేతిని.

"ఆయన సంచి ఎందుకు అందుకున్నాడో మనకు తెలుసమ్మా" అన్నారు. "ఆవిడ ఎందుకు ఇచ్చేసిందో కూడా కనుక్కుని పంపించు."