బాయిలరుకు బిగించిన బోల్టు

కళ్లు మూసుకుంటే రిగ్జిన్‌కు బుద్ధుడు కనపడటం మానేసి మూడు రోజులైంది. బోల్టు కనపడుతోంది.

అతను మంచుకొండల్లో ఒక చిన్న బౌద్ధ మఠంలో భిక్షువు. అంతకుముందు పట్నంలో పదేళ్లు ప్లంబింగు పని చేశాడు. ఎర్రబట్టలు కట్టాక కూడా పానా వదల్లేదు. మఠంలో కుళాయి కారినా, కింద ఊళ్లో ఎవరి బాయిలరు మొరాయించినా అతనికే కబురు. వెళ్లి ఇట్టే బాగుచేసి వచ్చేవాడు. ఊరు అతన్ని నెత్తిన పెట్టుకుంది. అతనికీ అది బాగానే ఉండేది. బట్టలు మార్చుకున్నంత మాత్రాన గర్వం ఊరుకుంటుందా ఏమిటి?

ఆ ఊళ్లో పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉండేది. చలి ముదిరే ముందు ఒక రోజు చూసుకుని, ఇంటింటా పైపుల్లోని నీళ్లన్నీ దింపేసేవాళ్లు. ఇక వసంతం దాకా వాగులో మంచు పగలగొట్టి బిందెలతో మోసుకోవడమే. రిగ్జిన్ వచ్చాక ఆ పద్ధతి పోయింది. "ఇంకా ఈ మోతలేమిటమ్మా? పొయ్యి మండుతున్నంతకాలం పైపు గడ్డకట్టదు. పూచీ నాది" అన్నాడు. రెండు చలికాలాలు అతని మాటే నెగ్గింది.

మూడో చలికాలానికి బాయిలర్ల సేఫ్టీ వాల్వులు పాడై కారసాగాయి. లోపల ఆవిరి మితిమీరితే బయటికి వదలడానికి పెట్టిన చిన్న మూత అది. యాంగ్‌డోల్ అనే ఆవిడ టీ దుకాణంలో అది చుక్కచుక్కగా కారి గడప మీద గాజులాగా గడ్డకట్టింది. ఒక లారీ డ్రైవరు జారిపడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కొత్త వాల్వు పట్నం నుంచి రావాలంటే మంచుతో మూసుకుపోయిన కనుమ దారి తెరవాలి; అందాకా లారీలు కనుమకు ఇవతలే తిరుగుతాయి. దానికింకా మూడు నెలలుంది. రిగ్జిన్ ఆ వాల్వు ఊడదీసి, లారీ బోల్టు ఒకటి తెచ్చి, దానికి జనపనార చుట్టి ఆ రంధ్రంలో బిగించాడు. కొలతపెట్టి చేయించినట్టు సరిపోయింది. మళ్లీ చుక్క కారలేదు. యాంగ్‌డోల్ చేతులెత్తి దండం పెట్టింది.

అది తప్పని అతనికి తెలియదా? తెలుసు. ఒత్తిడి పెరిగితే పైన ట్యాంకు నుంచి నీళ్లు వచ్చే పైపులోంచి వెనక్కి పోతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కానీ మూడు రోజుల కిందట చలి ఒక్కసారిగా విరుచుకుపడింది. మఠం వెనకాల పైపు గడ్డకట్టి, టపీమని నిలువునా పగిలింది. మఠం పైపు గడ్డకడితే యాంగ్‌డోల్ పైపు గడ్డకట్టదా? అప్పటి నుంచి అతని మనసు మనసులో లేదు. వెళ్లి బోల్టు తీసేస్తే సరిపోయేది. తీస్తే ఎందుకు తీశావని అడుగుతారు, అడిగితే ఎందుకు పెట్టావో చెప్పాలి. రేపు వెళదాం అనుకున్నాడు. మర్నాడూ అలాగే అనుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున్నే గురువు దగ్గరికి వెళ్లాడు. తుప్‌స్తాన్ లామాకు డెబ్బై దాటాయి. చెప్పు తెగితే కుట్టుకుంటున్నారు.

"గురువుగారూ, ధ్యానం కుదరడం లేదు."

"కళ్లు మూసుకుంటే ఏం కనపడుతోంది?"

"బోల్టు."

నవ్వుతారేమో అనుకున్నాడు. ఆయన నవ్వలేదు.

"ఎక్కడి బోల్టు?"

"యాంగ్‌డోల్ బాయిలరుది."

మనసును ఎలా నిలపాలో చెబుతారని రిగ్జిన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన సూదీ దారం పక్కన పెట్టి లేచారు. "టీ తాగి చాలా రోజులైంది. పద. నీ పనిముట్ల సంచీ కూడా తెచ్చుకో" అన్నారు.

ఎండ ఉంది గాని దానికి వేడి లేదు. దుకాణం వెనక నుంచి వెళుతుంటే ట్యాంకు పైపు కనపడింది. రిగ్జిన్ ఆగి వేలి కణుపుతో తట్టి చూశాడు. రాతిని తట్టినట్టుంది. లోపల నీరు లేదు, అంతా మంచే. గిన్నెలు కడిగే చోట ఉన్న వేడినీళ్ల కుళాయి కూడా మూతి గడ్డకట్టి బిగుసుకుపోయింది.

లోపలికి అడుగుపెట్టేసరికి పొయ్యి భగభగా మండుతోంది.

"రండి స్వామీ, రండి! సమయానికి వచ్చావు తమ్ముడూ" అంది యాంగ్‌డోల్. "పొద్దుట్నుంచి నీళ్లు రావడం లేదు. పైపు పట్టేసిందనుకుంటా. అందుకే కట్టెలు ఇంకా దట్టించాను. ఆ వేడికి అదే కరుగుతుందిలే."

బాయిలరు లోపలి నుంచి గురగురమని సన్నటి మోత వస్తోంది.

ఎప్పటిలాగే ఇద్దరు లారీ డ్రైవర్లు తలుపు దగ్గర టీ తాగుతున్నారు. లామా వాళ్లను దాటుకుని తిన్నగా వెళ్లి, బాయిలరుకు ఆనుకుని ఉన్న బల్ల మీద కూర్చున్నారు. వీపు దానికి చేర్చి, హాయిగా కాళ్లు చాపుకున్నారు.

"గురువుగారూ, అక్కడ కూర్చోకండి!" రిగ్జిన్ గొంతు అతనికే కొత్తగా వినపడింది. "ఇలా కిటికీ దగ్గరికి రండి."

"ఇక్కడ వెచ్చగా ఉంది కదా నాయనా."

"వద్దు. అక్కడ ప్రమాదం."

"ఎవరికి?"

మీకే అనబోయాడు. అప్పుడు చూశాడు. గురువు పక్కన, అదే బల్ల మీద, అదే బాయిలరుకు ఒరిగి యాంగ్‌డోల్ అత్తగారు కూర్చుని ఉంది. ముసలావిడ. కళ్లు అరమోడ్చి జపమాల తిప్పుకుంటోంది. రిగ్జిన్ లోపలికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ అక్కడే ఉంది. అతను ఆవిడను చూడనేలేదు.

"ఈమెకు చెవులు వినపడవు. కోడలికి వినపడతాయి. ఆమెతో చెప్పు" అన్నారు లామా. బల్ల మీద నుంచి కదల్లేదు.

రిగ్జిన్ చెప్పాడు. డ్రైవర్లు వింటుండగానే చెప్పాడు. వాల్వు తీసేశానన్నాడు, అక్కడ ఉన్నది లారీ బోల్టన్నాడు, ఇప్పుడు ఆవిరి పోవడానికి ఎటూ దారి లేదన్నాడు. అందరూ బయటికి పొమ్మన్నాడు. పది మాటల్లో అయిపోయింది. మూడు రోజులుగా గొంతులో పెట్టుకు తిరిగింది ఇంతేనా అనిపించి, సిగ్గుతో చచ్చిపోయాడు.

అప్పుడు లామా లేచి, ముసలావిడ చంకలో చెయ్యి వేసి నెమ్మదిగా బయటికి నడిపించుకుపోయారు. ఆవిడకేమీ అర్థం కాలేదు. గురువు తనను పట్టుకుని నడిపిస్తున్నారని మాత్రం మహా సంతోషించింది.

రిగ్జిన్ ఒక్కడే లోపల మిగిలాడు. మండే కట్టెలు పట్టకారుతో లాగి ఇనప తట్టలో వేసి, పరుగున తీసుకెళ్లి మంచులో పారేశాడు. పట్టకారుకు దొరకని నిప్పుల్ని రేకుముక్కతో గీకాడు. రెండు చేతులూ బొబ్బలెక్కాయి. పొయ్యిలో బూడిద తప్ప ఏమీ లేదనుకున్నాక బయటికొచ్చి అందరితోపాటు ఎదురుగా దూరంగా నిలబడ్డాడు.

రెండు గంటలు అలా నిలబడ్డారు. ముసలావిడకు చలేస్తోందని ఒక డ్రైవరు తన కంబళి కప్పాడు.

ఆ తర్వాత అతను లోపలికి వెళ్లి బోల్టును పానాతో కొద్దికొద్దిగా వదులు చేశాడు. పొయ్యి ఆరి రెండు గంటలైన తర్వాత కూడా ఆవిరి బుస్సుమంటూ పైకి లేచి, పైకప్పు దూలాన్ని తడిపేసింది. గుమ్మం దగ్గరి నుంచి యాంగ్‌డోల్ అది చూసింది.

"అది బిగించి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. తమ్ముడూ అనలేదు.

"పంతొమ్మిది రోజులు."

"పంతొమ్మిది రోజులుగా మా అత్తను దానికి ఆనించి కూర్చోబెడుతున్నాను. వెచ్చగా ఉంటుందని, నా చేతులతో."

అతను బోల్టును పూర్తిగా ఊడదీశాడు.

"బాయిలరు లేకపోతే డ్రైవర్లు ఇక్కడ ఆగరు. దారి తెరిచేదాకా మేం ఏం తిని బతకాలి?" అంది. "నువ్వు మళ్లీ నా గడప తొక్కొద్దు" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

కాలిన చేతులతో రిగ్జిన్ సంచీ సర్దుకున్నాడు. పైకి మఠానికి, కిందికి ఊళ్లోకి దారి చీలే చోట లామా అతని కోసం ఆగి ఉన్నారు. అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తిడితే బాగుండు అనుకున్నాడు.

"ఇంకెన్ని?" అని అడిగారు ఆయన.

రిగ్జిన్ ఊరి వైపు చూశాడు. ప్రతి ఇంటి పొగగొట్టం నుంచీ పొగ లేస్తోంది. ఆ చలికి అందరూ కట్టెలు దట్టిస్తూనే ఉంటారు. అతను వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టసాగాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి పైకెత్తాడు.

లెక్క పూర్తయ్యేదాకా గురువు ఆగలేదు. శిష్యుడి భుజం మీది సంచీ తీసి తన భుజాన వేసుకుని, ఊళ్లోకి దిగే దారి వైపు తిరిగారు. గురువుకు ముందు నడవడం ఆ మఠంలో ఏనాడూ లేదు. రిగ్జిన్ అలవాటుగా పక్కకు తప్పుకుని, ఆయన కదిలితే వెనక నడవడానికి నిలబడ్డాడు.

"నువ్వే ముందు నడు" అన్నారు తుప్‌స్తాన్ లామా. "ఆ ఇళ్లు నీకే తెలుసు."